చేతులు దించే వేళ

ఆ యోగా క్లాసులో ఒక పద్ధతి ఉంది. టీచరు అందరినీ ఆసనంలో నిలబెడుతుంది గాని, అందులోంచి బయటికి రమ్మని చెప్పదు. తగినంత అయిందని ఎవరికి అనిపిస్తే వాళ్ళు "చాలు" అని పైకి అని, చేతులు దించుకోవాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. పక్కవాళ్ళకి వినబడాలి.

ఆదివారం పొద్దున, ఇస్త్రీ కొట్టు మీది గదిలో, ఆమె ఒక కాలు ముందుకు వంచి, చేతులు రెండూ పైకి చాచి నిలబడి ఉంది. కింద నుంచి వేడి బట్టల వాసన వస్తోంది. ముందు వరసలో బస్సు డ్రైవరు "చాలు" అన్నాడు, కుళాయి కట్టేసినట్టు. తర్వాత బ్యాంకులో పనిచేసే ఆవిడ కాస్త నవ్వుతూ అంది. ఒక్కొక్కరే దించేసి, చాపల మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. ఆమె భుజాలు మండుతున్నాయి. తొడ వణుకుతోంది.

"ఎవరి కోసం ఆగావమ్మా?" టీచరు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరు దించమంటారేమోనని."

"నేను అననని మొదటిరోజే చెప్పాను కదా."

"చెప్పారు. అయినా అంటారేమోనని."

"నయం, నా బస్సెక్కలేదు" అన్నాడు డ్రైవరు. "దిగమనలేదని డిపో దాకా వచ్చేసేది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చేతులు మాత్రం ఇంకా పైనే ఉన్నాయి.

"పడిపోయేదాకా ఆగకు" అంది టీచరు. "అంతకు చాలా ముందే ఒళ్ళు చెబుతుంది."

చెప్పింది. ఆ సంగతే ఇంటికి నడుస్తూ ఆలోచించింది ఆమె. ఒళ్ళు చెప్పింది, తను విన్నది. విన్నదానికీ నోటికీ మధ్య ఎక్కడో ఆగిపోయింది. నాన్న పోయాక ఆమె పెరిగింది బాబాయ్ ఇంట్లో. అక్కడ ఆమెను ఎవరూ కసరలేదు, ఏదీ తక్కువ చేయలేదు. అయినా అన్నం వడ్డిస్తుంటే పిన్ని ముఖం చూసి, తనకి ఎంత ఆకలిగా ఉందో తేల్చుకునేది. ఆ అలవాటు ఎవరు నేర్పారో ఆమెకే తెలియదు. బహుశా ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు వేరే ఇంట్లో ఉంటున్నా, బాబాయ్ కళ్ళద్దాల కొట్టులోనే, వెనక చీకటి గదిలో ఆమె కళ్ళు పరీక్ష చేస్తుంది. ఫ్రేములు బిగించే అతను ఆమెకి "సరేనక్క" అని పేరు పెట్టాడు. ఎవరేమడిగినా ఆమె అనే మాట అదే కాబట్టి.

సోమవారం బాబాయ్ ఆ గదిలోకి తొంగి చూశాడు. "అమ్మడూ, వచ్చే వారం నుంచి ఆదివారాలు కూడా కొట్టు తీద్దాం. పొద్దున పూట నువ్వు చూసుకో."

"చూద్దాం బాబాయ్" అంది.

వాళ్ళింట్లో ఆ మాటకి అర్థం ఒప్పుకున్నట్టే. మధ్యాహ్నానికల్లా "ఆదివారం కూడా" అని రాసిన కాగితం కొట్టు ముందరి అద్దానికి అంటించేశాడు. దాన్ని చూడగానే ఆమె భుజాలు మళ్ళీ మండాయి. వారంలో ఆమెకంటూ మిగిలింది ఆ ఒక్క పూటే.

అప్పుడే ఒక ముసలాయన పరీక్షకి కూర్చున్నాడు. ఏ అద్దం పెట్టినా బాగుందంటున్నాడు. అలాంటివాళ్ళకి ఆమె ఒక పని చేస్తుంది: అద్దం తీసి, మళ్ళీ అదే పెడుతుంది.

"ఇప్పుడెలా ఉంది?"

"ఇంకా బాగుందమ్మా."

"అదే అద్దం తాతగారూ."

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "నువ్వు అంత ఓపిగ్గా మారుస్తున్నావు. బాలేదంటే ఏం బాగుంటుంది?"

"మీరు బాలేదంటేనే నేను మీకు సరైనది ఇవ్వగలను" అంది. అన్నాక ఆ మాట తనకే మళ్ళీ వినబడింది.

ఆయన వెళ్ళగానే బయటికి వచ్చింది. "బాబాయ్, ఆదివారం నేను రాను."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరి ఏదన్నా పనుందా?"

"యోగా క్లాసు ఉంది."

"దానికేముంది, సాయంత్రం చేసుకో."

"పొద్దున్నే బాబాయ్. నేను రాను."

బాబాయ్ ఇంకా ఏదో వినాలన్నట్టు ఆమెనే చూస్తున్నాడు. ఆమె లోపలి నుంచి మాటలు తోసుకొస్తున్నాయి: క్షమాపణ, కారణం, ఈ ఒక్కసారికి అనే సర్దుబాటు. ఒక్కొక్కటీ గొంతు దాకా వచ్చింది. ఆమె ఊపిరి నెమ్మదిగా వదిలి, పాదాలు నేల మీద ఉన్నాయని చూసుకుని, అలాగే నిలబడింది. ఫ్రేములతను స్క్రూ జారవిడిచి, దాన్ని అవసరానికి మించి వెతికాడు.

ఆ వారమంతా బాబాయ్ ఆమెతో ఫ్రేములతని ద్వారానే మాట్లాడాడు. "మీ అక్కని అడుగు, ఆ కొత్త అద్దాలు వచ్చాయేమో" అనేవాడు, ఆమె పక్కనే ఉండగా.

"అక్కా, కొత్త అద్దాలు వచ్చాయా?"

"వచ్చాయని చెప్పు."

"వచ్చాయంట సార్. నాకు రెండు జీతాలివ్వాలి మీరు."

బాబాయ్ నవ్వలేదు. ఆమె రోజూ ఇంటికెళ్ళి, లొంగిపోతే ఎంత సుఖంగా ఉంటుందో ఊహించుకునేది. ఒక్క మాట చాలు, బాబాయ్ ముఖం మళ్ళీ మామూలవుతుంది. ఊహించుకుని నిద్రపోయేది.

శనివారం కొట్టు కట్టేస్తుండగా ఆయన ఆమెవైపు తిరిగాడు. "మరి ఆదివారాలకి ఎవర్ని పెట్టుకోమంటావు?"

ఆమెకి వెంటనే ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చారు. ఫోను చేసి, బతిమాలి, తనే తెచ్చి అప్పగించగలదు. ఆ ఆలోచన ఎంత చురుగ్గా లేచిందో చూసి తనే ఆశ్చర్యపోయింది.

"అది మీరే చూసుకోండి బాబాయ్."

ఆయన కౌంటరు తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. "అయితే తాళంచెవి ఇలా ఇవ్వు. ఇకనుంచి పొద్దున్న షట్టరు నేనే తీస్తా."

ఈ కొట్టులో చేరినప్పటి నుంచి రోజూ షట్టరు తీసింది ఆమే. రింగులోంచి తాళంచెవి ఎంతకీ రాలేదు. బాబాయ్ దాన్ని అందుకుని, గోటితో విడదీసి, ఆమె ఇంటి తాళంచెవి తిరిగి చేతిలో పెట్టాడు.

"సోమవారం పదింటికి రా. అంతకు ముందు రానక్కర్లేదు" అన్నాడు. అందులో కోపం ఉందో, వెసులుబాటు ఉందో ఆమెకు తెలియలేదు. అడగాలనిపించింది. అడగలేదు.

వీధిలోకి వచ్చాక హాయిగా ఉంటుందనుకుంది. ముందు వచ్చింది అసూయ. తను లేకుండా ఆ షట్టరు పైకి లేస్తుంది. ఇన్నేళ్ళ "సరే"లకీ ఆమెకి ముట్టింది ఇదేనేమో: తను లేకపోతే తలుపు తెరుచుకోదన్న నమ్మకం. అది తనకి ఇంత ఇష్టమని ఇప్పటిదాకా తెలియదు. పోగొట్టుకున్నందుకు కొంచెం ఏడుపొచ్చింది. దాన్ని ఆపుకోలేదు, పెంచుకోనూ లేదు. కొట్లలో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు. ఆమె తొందరపడకుండా ఇంటివైపు నడిచింది.