సంతోషం కాగితాలు

పెద్దక్క కుడుతూ ఉండగానే మిషన్ ప్లగ్గు పీకేశారు. సూది గుడ్డలో దిగి ఉంది. కాలరు సగమే అయింది. కరెంటు పోయిందేమో అనుకుని ఆవిడ కాలితో పెడల్‌ని రెండుసార్లు నొక్కి చూసుకుంది పాపం. పక్కన మా ఎనిమిది మిషన్లూ తిరుగుతూనే ఉన్నాయి.

"లే పెద్దమ్మా. నీ పని అయిపోయింది" అన్నాడు సూపర్‌వైజర్.

"ఇంకా సగం కట్ట ఉంది బాబూ" అంది పెద్దక్క.

అది చూసిన ఎనిమిదిమందిలో నేనొకదాన్ని. చూసినదాన్నే కాదు, తెచ్చిపెట్టినదాన్ని కూడా. మీలో కొందరు పనిచేసి బతికేవాళ్లు, కొందరు రేపు పనికి వెళ్లబోయే పిల్లలు. అందుకే దాచకుండా చెబుతున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి, కానీ నాకిచ్చినట్టే ఒక కాగితం మీ చేతికి వచ్చిన రోజు నన్ను గుర్తు తెచ్చుకోండి.

మాది చొక్కాల కాలర్లు కుట్టే వరుస. మనిషికి రోజుకి నూట యాభై కుట్టాలి. పెద్దక్క ఇరవై ఆరేళ్లుగా అక్కడే కుట్టింది. కాలరు మొన తిప్పడం మాకందరికీ వేలు పట్టుకుని నేర్పింది ఆవిడే. రెండేళ్లుగా ఆవిడ కళ్లు మసకబారాయి. సూదిలోకి దారం వేలి కొసతో తడిమి ఎక్కించేది. ఎంత తంటాలు పడ్డా నూట పది దాటేవి కావు. అందుకని మేం తలా ఐదు కాలర్లు ఎక్కువ కుట్టి, మంచినీళ్లకు లేచినప్పుడు ఆవిడ బుట్టలో పడేసి పోయేవాళ్లం. ఇలా చేద్దామని ఎవరూ ఎవరితోనూ అనుకున్నది లేదు. ఆవిడకీ తెలుసు, తెలియనట్టే ఉండేది.

ఇంతలో పై ఆఫీసు నుంచి ఒకావిడ దిగింది. ఎప్పుడు చూసినా నవ్వే కాబట్టి నవ్వుల మేడం అని పేరు పెట్టాం. భోజనాల షెడ్డులో బెలూన్లు కట్టించింది. 'మనమంతా ఒక కుటుంబం' అని గోడమీద రాయించింది. ఉత్పత్తి పెరగాలంటే ముందు మీరు సంతోషంగా ఉండాలి అని చెప్పి తలా ఒక కాగితం పంచింది. పేరు రాయక్కర్లేదు. పనిలో మీకు సంతోషం ఇచ్చేది ఏమిటి, అని ఒక్కటే ప్రశ్న.

ఇన్నేళ్లలో మమ్మల్ని ఆ మాట అడిగిన నాథుడు లేడు. నా కళ్లు చెమర్చాయి. మిగతావాళ్లు 'అంతా బాగుంది' అని గీకి ఇచ్చేశారు. నేనొక్కదాన్నే గుండ్రటి అక్షరాలతో, గొప్పగా రాశాను. మా కాలర్ల వరుసలో ఒకావిడకి చూపు ఆనదు. మేమంతా తలా ఐదు కుట్టి ఇస్తాం. సాయంత్రానికి ఆవిడ బుట్ట నిండితే మాకు సంతోషం.

దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే అదే. పై ఆఫీసువాళ్లకి అందులో కనబడినవి రెండే ముక్కలు. ఎనిమిదిమంది ఇంకా కుట్టగలిగీ దాచుకున్నారు, తొమ్మిదోది దండగ. పది రోజులు తిరిగేసరికి నూట యాభై కాస్తా నూట ఎనభై అయింది. 'తలా ఐదు ఊరికే పంచిపెడుతున్నారటగా' అన్నాడు సూపర్‌వైజర్. ఆ రోజే పెద్దక్క ప్లగ్గు పీకేసి, ఆవిడని గేటు దాటించారు.

మధ్యాహ్నం షెడ్డులో క్యారేజీలు ముందు పెట్టుకుని కూర్చున్నాం.

"మనలోనే ఎవత్తో చెప్పింది! లేకపోతే తలా ఐదని వాళ్లకెలా తెలుసు?" అంది టపాకాయ. మా అందరికన్నా చిన్నది, నోరు తెరిస్తే పేలుడే.

"నేనే రాశాను" అన్నాను.

టపాకాయ లేచి వచ్చి నా చెంప మీద ఒక్కటిచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఎందుకు రాశావే?" అంది, కొట్టిన తనే ఏడుస్తూ.

"సంతోషం ఏమిటని అడిగితే నాకు అదే గుర్తొచ్చిందే."

 మూడో మిషన్ వదిన కలగజేసుకుంది. "ఏడుపులు తర్వాత. నూట ఎనభై ఎలా కుడతాం? ఒంటికి పోవడానికి కూడా లేవలేం కదే!"

"కుట్టొద్దు. పెద్దక్కని మళ్లీ కూర్చోబెట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చుందాం" అంది టపాకాయ.

"గెలుస్తామా?"

"గెలవం."

"మరెందుకే?"

"ఆవిడ ఒక్కతే ఎందుకు ఓడిపోవాలి వదినా?"

మిషన్లు ఆపేసి నేలమీద కూర్చున్నాం. మేనేజరు వచ్చాడు, వెనకాల నవ్వుల మేడం.

"మనలో మనకి గొడవలేంటమ్మా? మనమంతా ఒక కుటుంబం" అంది మేడం.

"అలాగా! అయితే పెద్దక్క మీకేమవుతుంది మేడం? పిన్నా, మేనత్తా?" అంది టపాకాయ.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఐదు నిమిషాల్లో లేచినవాళ్లకే ఉద్యోగం అన్నాడు. గేటు బయటినుంచి పెద్దక్క గొంతు వినబడుతోంది. "లేవండే! నా ఒక్కదానికోసం మీ పొట్టలు కొట్టుకోకండే!" మూడో మిషన్ వదిన లేచింది. ఆమె మొగుడు మంచం పట్టి ఆర్నెల్లయింది. ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. మేం ఒక్క మాట అనలేదు. మిగిలిన ఏడుగురినీ మేనేజరు పిలిపించిన పోలీసులు జుట్టు పట్టి ఈడ్చుకెళ్లారు.

రెండు రోజులు స్టేషన్‌లో ఉంచి వదిలారు. ఉద్యోగాలు పోయాయి. మా పేర్లు వింటే ఏ కుట్టుపని చోటా లోపలికి రానివ్వడం లేదు. నేను మేడల మెట్లు కడుగుతున్నాను. టపాకాయ ఇటుకలు మోస్తోంది. నూట ఎనభై కుట్టలేక వదిన కూడా నెల తిరక్కుండానే బయటపడింది. పెద్దక్కకి చూపు పూర్తిగా పోయింది. నా అనేవాళ్లు లేరు, నా గదిలోనే ఉంటోంది. ఆవిడకి అన్నం కలిపి పెట్టిన ప్రతిసారీ నా రాత నాకు గుర్తొస్తుంది.

మా ఎనిమిదిమంది చోట్లలో ఎనిమిదిమంది కొత్తవాళ్లు వచ్చారు. మా నోటికాడి కూడు లాక్కున్నారని, వాళ్ల కాళ్లు విరగ్గొడతానని టపాకాయ ఒట్టు పెట్టుకుంది.

నిన్న ఆ కొత్తవాళ్లలో ఒకామెకి వేల్లో సూది దిగిందట. కట్టు కట్టుకుని వచ్చి కూర్చుంటే ప్లగ్గు పీకేశారట. మిగతా ఏడుగురూ మిషన్లు ఆపేశారట. మా సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. టపాకాయ ఇటుకల తట్ట అక్కడే పడేసి నన్ను లాక్కుని గేటు దగ్గరకి పరిగెత్తింది. ఊచలు పట్టుకుని గొంతు పోయేలా అరిచింది.

"ఐదు నిమిషాలంటాడే! భయపడకండి! ఒక్కత్తీ లేవకండి!"

ఇంటికొచ్చి పెద్దక్కకి చెప్పాను.

"ఎంతమంది కూర్చున్నారే?" అంది.

"ఎనిమిదిమందీ."

"రేపు నన్నూ గేటు దగ్గరకి తీసుకెళ్లు."

"వెళ్లి ఏం చేస్తాం పెద్దక్కా? రేపు వాళ్లనీ బయటికి తోసేస్తారు."

"తోస్తే వచ్చి పడేది గేటు బయటే కదే. అక్కడ మనం ఉండొద్దూ?" అంది పెద్దక్క.