అరంగుళం చొప్పున

ఊళ్ళో సగంమంది నడుముల సంగతి దర్జీకి కంఠతా వచ్చు. ఎవరు చిక్కారో ఎవరు ఒళ్ళు చేశారో అతని టేపుకి తెలిసినంతగా కట్టుకున్నవాళ్ళకి కూడా తెలియదు. ఆ గర్వమే అతని కొంప ముంచింది.

అతని భార్య ఇరవై రెండేళ్ళుగా పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని పనిచేస్తోంది. నలభై ఆరో ఏట ఒకరోజు పొద్దున్నే, "మారథాన్‌కి పేరిచ్చానండీ. నలభై రెండు కిలోమీటర్లు" అంది. దర్జీ పళ్ళమధ్య ఉన్న గుండుసూది మింగబోయి ఆగాడు.

"బస్సు వెళ్ళిపోతుంటేనే పరిగెత్తవు కదే నువ్వు."

"అందుకేనండీ. ఒక్కసారైనా పరిగెత్తాలనుంది."

నవ్వితే నవ్వాడు గానీ, మర్నాడే తొడలు ఒరుసుకోకుండా ఆమెకి రెండు ప్యాంట్లు కుట్టిపెట్టాడు. ఆమె గోదాముల వెనక రోడ్డు మీద రెండు దీపస్తంభాల దూరం పరిగెత్తి, ఒక స్తంభం దూరం నడిచేది. నాలుగో నెలకి ఇరవై కిలోమీటర్లు దాటింది. ఆదివారం ఆమె ఇల్లు చేరేసరికి అతను మొహం చాటంత చేసుకుని టేపుతో గుమ్మంలో నిలబడేవాడు. కొలిచి, "అరంగుళం తగ్గావ్" అని పుస్తకంలో రాసుకుని, ఆ పూటే ప్యాంటు నడుం బిగించేవాడు. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ కొలతల పుస్తకం తెరిచి మరీ చూపించేవాడు.

"ఒంట్లో సత్తువ ఉండట్లేదండీ. ముద్ద దిగట్లేదు" అని ఒకసారి అందామె.

"అంత దూరం పరిగెత్తేవాళ్ళకి సత్తువ ఎక్కడ మిగుల్తుందే పిచ్చిదానా" అన్నాడు. పెద్ద తెలిసినట్టు.

మారథాన్ రోజున ఆమెకి ఆరుగంటల పన్నెండు నిమిషాలు పట్టింది. అప్పటికే కుర్చీలు ఎత్తేస్తున్నారు, బ్యానర్లు చుట్టేస్తున్నారు. ఆమె మాత్రం చివరి మలుపు నుంచి పరిగెత్తుకుంటూనే వచ్చి గీత దాటింది. దర్జీ సిగ్గు విడిచి ఏడ్చాడు. పక్కన బ్యానరు చుడుతున్నవాణ్ణి పట్టుకుని, "మా ఆవిడేనండీ" అని చెప్పాడు.

ఇక హాయిగా తిని పడుకోమన్నాడు. బూట్లు అటకెక్కాయి. తర్వాతి ఆదివారం అలవాటుకొద్దీ టేపు చుట్టాడు. అరంగుళం తగ్గింది. పరుగు మానేసిన సంగతి ఒంటికింకా తెలిసినట్టు లేదనుకున్నాడు. ఆ పై ఆదివారం మరో అరంగుళం. మూడో ఆదివారం ముప్పావు. అప్పుడు ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరు ఎక్స్‌రేలూ రిపోర్టులూ చూసి, ఎప్పట్నుంచి చిక్కుతోందని అడిగాడు. దర్జీ కొలతల పుస్తకం ముందు పెట్టాడు. ఒక్క ఆదివారం కూడా తప్పిపోలేదు. డాక్టరు పేజీలన్నీ తిప్పి, "నాలుగు నెలల కిందట వచ్చుంటే బాగుండేదండీ" అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది.

"నిన్ను నేనే చంపుకున్నాను. కండ కరిగిపోతుంటే కుట్లు బిగించుకుంటూ కూర్చున్నాను" అన్నాడు దర్జీ, ఆస్పత్రి మంచం పక్కన.

"మీరేం చెయ్యలేదు. పరుగు మొదలెట్టిన మూడో నెల నుంచే నాకు కడుపులో నొప్పి. చెప్తే పరిగెత్తనిచ్చేవారా?"

"కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెట్టేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు" అంది. "మలుపు తిరిగాక మీరు కనబడ్డారు చూడండీ, అప్పుడు నొప్పే లేదు" అంది.

ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా అతనికి రాలేదు. తన తప్పు తప్పు కాకుండానూ పోలేదు. ఏడు వారాలకి ఆమె పోయింది.

నెల తర్వాత దుకాణం తెరిచాడు. బ్యాంకు గుమాస్తా ప్యాంటు చంకన పెట్టుకుని హుషారుగా వచ్చాడు. "రెండంగుళాలు బిగించాలండీ. రోజూ పొద్దున్నే పరిగెడుతున్నాను. మహా తగ్గాను కదూ?"

దర్జీ ఒకసారి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పుస్తకంలో ఏమీ రాయలేదు.

"ముద్ద దిగుతోందా?"

"అదేం ప్రశ్నండీ?"

"నొప్పేమన్నా ఉందా? ఉంటే చెప్పండి" అన్నాడు దర్జీ, అతని నడుం చుట్టూ ఉన్న టేపు వదలకుండా. "పరిగెత్తొద్దని అనను."