ఇంకొంచెం ముదురు

వాన వెలిసింది. కిటికీ ఊచలకు నీటిబొట్లు. వాటి వెనక ఆకాశం — ఉతికి ఉతికి ఏ రంగో చెప్పుకోలేని పాత చొక్కాలా.

దర్జీ మౌస్ పట్టుకున్నాడు.

కత్తెర పట్టిన చెయ్యి. ఎలుకను పట్టడం దానికి కొత్త.

పక్క కుర్చీలో అన్న. ఒకప్పటి మిల్లు జట్టు గోల్‌కీపరు. బంతిని దాటనిచ్చేవాడు కాదు గనుక అందరికీ 'గోడ'. గోడకు చెవులుంటాయంటారు. ఈ గోడకు ఇక చెవులే మిగులుతాయని డాక్టరు చెప్పాడు. కంటి వెనక నరం ఎండిపోతోంది. పోయిన చూపు రాదు. ఉన్నది నిలవదు.

ఉన్నది ఉండగానే ఒక్కటి చూడాలి —

కూతురి కంప్యూటర్‌లో ఫుట్‌బాల్ ఆట ఉంది. గోల్ పడితే ఇల్లంతా గోల చేసే ఆట. ఆ ఆటగాళ్ళ ఒంటిమీద మిల్లు జట్టు చొక్కా చూడాలి.

"అప్పుడు కుట్టింది నువ్వేగా, సూదీ. మళ్ళీ కుట్టు."

మిల్లు మూతబడింది. జట్టు చెదిరింది. గోదాములో నీళ్ళు చేరి బట్టలన్నీ మురిగిపోయాయి. దర్జీకి బట్టతల ఒక్కటి మిగిలింది. ఉన్న ఒక్క ఫొటో నలుపూ తెలుపూ. ఆ చొక్కా నీలం ఇప్పుడు ఈ అన్నదమ్ముల తలల్లోనే ఉంది.

అన్న కూతురు నేర్పింది. ఆటలోని చొక్కాను తెరమీద విప్పి పరిచింది. ముందు భాగం, వీపు, చేతులు, కాలరు... దేనికది విడిగా.

"ఓస్! ఇవి కట్ పీసులే కదమ్మా!"

ముక్కలకు రంగు పూశాడు. తెల్ల చారలు దిద్దాడు. చుట్టూ, చేతి అలవాటు కొద్దీ, కుట్టుకు అరంగుళం ఖాళీ వదిలాడు.

ఆట తెరిచారు. జట్టు జట్టంతా భుజాల దగ్గర విచ్చిపోయి, చంకల్లోంచి బూడిదరంగు బయటపడి, సిగ్గులేకుండా మైదానమంతా పరుగెత్తింది.

"బాబాయ్! చిరుగుల జట్టును దించావేంటి?"

"కుట్టుకు వదిలానే తల్లీ..."

"ఇక్కడ ఎవరూ కుట్టరు. అంచుకు అంచు అదే అతుక్కుంటుంది."

అదే అతుక్కుంటుంది. అతికించడమే బతుకుగా బతికినవాడికి ఆ మాట సూదిలా దిగింది.

అయినా నేర్చుకున్నాడు. అంచుదాకా పూయడం. చారను భుజం మీదుగా కలపడం. మడతల నీడలు ఒక పొరలో, రంగు ఇంకో పొరలో, నంబరు పైపొరలో. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను బొమ్మ. ఆ కన్ను మూస్తే పొర మాయం.

అన్నకూ పొరే అయివుంటే ఎంత బాగుండేది. డాక్టరు ఒలిచేసేవాడు.

తప్పు చేస్తే వెనక్కి వెళ్ళే మీట కూడా ఉంది. కత్తెర పడ్డాక వెనక్కి దారి లేని పనిలోంచి వచ్చినవాడు — ఊరికే, ముచ్చటపడి, దాన్ని నొక్కి చూసుకునేవాడు. గీత పోయేది. వచ్చేది. పోయేది...

ఒక మధ్యాహ్నం నీలం కుదిరింది. తాను స్వయంగా ఎంచి, తానులోంచి చింపించి తెచ్చిన నీలం. కళ్ళకంటే ముందు వేళ్ళు గుర్తుపట్టాయి.

అన్న తెరకు ముక్కు ఆనించాడు.

"వెలిసిపోయిందిరా. మనది ఇంకొంచెం ముదురు."

ముదురు చేశాడు.

బాగుందన్నాడు అన్న. కొన్నాళ్ళకు మళ్ళీ చూశాడు.

"ఇదేంటి, మళ్ళీ వెలిసింది? నీ సాఫ్ట్‌వేర్‌కి పక్కా రంగు చేతకాదా? ఒక్క ఉతుక్కే పోతోంది!"

దర్జీ నవ్వాడు. నవ్వి, ముదురు చేశాడు.

వానమబ్బు నీలం. వంకాయ నీలం. బొగ్గు నీలం.

వాన వెలిస్తే వెలుతురొస్తుంది. చూపు వెలిస్తే?

అన్న కూతురు వంటగదిలోకి పిలిచింది. గొంతు తగ్గించింది.

"అసలు రంగేది బాబాయ్?"

"మొదటిదే."

"మరి నాన్నకు చెప్పవేం?"

"ఏమని చెప్పనమ్మా? చొక్కా బాగానే ఉంది, వెలిసిపోతున్నది నువ్వేననా?"

ఆమె కొళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేవీ లేవు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

కొలత లేకుండా అతడు ఎన్నడూ గుడ్డ కోయలేదు. ఇప్పుడూ కొలతే తీస్తున్నాడు. చొక్కాకు కాదు.

ఈ సాయంత్రం జట్టు మైదానంలోకి దిగింది. చారలు భుజాల మీదుగా వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. ఎక్కడా చిరుగు లేదు.

నీలమూ లేదు.

"దగ్గరికొచ్చేశావురా సూదీ. ఇంకొంచెం. ఒక్క చుక్క."

దర్జీ తెరమీది రంగు పట్టీని లాగాడు. కదల్లేదు. నలుపు చివరకు చేరిపోయింది. దానికవతల రంగు లేదు.

అన్న ముఖం ముందుకు చాచాడు. కళ్ళు చికిలించాడు. మోకాళ్ళ మీద అరచేతులు. ఏ వైపు నుంచి వస్తుందో తెలియని బంతి కోసం నిలబడ్డట్టు, కూర్చునే ఎదురుచూస్తున్నాడు.

దర్జీ మౌస్ నొక్కాడు. తెరమీద ఏమీ లేని చోట. టిక్... వినపడేలా.

"చేశావా?"

"చేస్తున్నా..."

ఊచల వెనక మబ్బు కమ్ముతోంది. బూడిదరంగులోంచి నీలంలోకి. నీలంలోంచి —

ఇంకొంచెం...