మాటకొక గాటు

నేను ఒక హేజెల్ చెట్టు పుల్లను. ఐర్లండు పడమటి పల్లెలో గంపలల్లే ముసలి ఫెలిమ్ నన్ను నరికి, నునుపుగా చెక్కి, తాడు కట్టి, మనవరాలు సోర్చా మెడలో వేశాడు. సరదాకి కాదు, బడి మాస్టారి ఆజ్ఞ. పిల్లలు ఇంగ్లీషే పలకాలి. నోరు జారి సొంత భాష ఐరిష్‌లో మాట్లాడితే పుల్ల మీద మాటకొక గాటు పెట్టాలి. మర్నాడు మాస్టారు ఎన్ని గాట్లుంటే అన్ని బెత్తం దెబ్బలు కొట్టేవాడు. ఇంట్లో గాట్లు పెట్టేది పెద్దవాళ్ళే, పిల్లలు బాగుపడాలని! మనుషుల ప్రేమ నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

సోర్చా ఎనిమిదేళ్ళ వసపిట్ట. వారం తిరిగేసరికి నా ఒళ్ళంతా గాట్లే. ఆ తర్వాత పిల్ల నోరే మూసుకుంది. ఇంగ్లీషూ లేదు, ఐరిషూ లేదు. నెల గడిచింది. ఐరిష్ తప్ప మరో ముక్క రాని తాత బెంగపడిపోయాడు.

"నాదే తప్పు తల్లీ. ఇంక కత్తి ముట్టుకుంటే ఒట్టు. ఒక్కసారి తాతా అనవే," అని బతిమాలాడు.

ఆమె పెదవులు కదిలాయి గాని గొంతు పెగల్లేదు. నా మీద మాత్రం టక్కున ఒక గాటు పడింది. కత్తి గూట్లోనే ఉంది. తాత రెండడుగులు వెనక్కి వేశాడు. నిజం చెప్పాలంటే నేనూ హడలిపోయాను.

మర్నాడు బడిలో మాస్టారు నన్ను చేతిలోకి తీసుకుని, "మూగదానికి కొత్త గాటెక్కడిదే?" అని ఇంగ్లీషులో గద్దించాడు. సోర్చా పెదవులు మళ్ళీ కదిలాయి. ఆయన వేళ్ళ మధ్యే నా మీద ఇంకో గాటు పడింది.

"ఓరి దేవుడో! అమ్మా!" అని కేకపెట్టాడు మాస్టారు. కేక ఐరిష్‌లో వచ్చింది. వెంటనే నా మీద లోతుగా మరో గాటు. ఆయన నన్ను గది మూల మండుతున్న పొయ్యిలోకి విసిరేశాడు.

కాలుతుంటే నా గాట్లు చిటపట పగిలాయి. పగిలిన ప్రతి గాటూ తను మింగిన మాటను సోర్చా గొంతుతోనే బయటపెట్టింది. వాన. మేకపిల్ల. ఆకలి. వింటున్న సోర్చా ఒక్కొక్కటీ మెల్లగా తిరిగి పలికింది. పలికేకొద్దీ గొంతు గట్టిపడింది. "తాతా" అన్న మాట రాగానే లేచి, దాన్నే అరుచుకుంటూ ఇంటివైపు పరుగెత్తింది.

నేను బూడిదనయ్యాను గాని అంతా చూశాను. మాస్టారు బెత్తం ఎత్తి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆగు" అనడానికి ఆయనకు ఎంతకీ ఇంగ్లీషు మాట గుర్తు రాలేదు.