మడమల కింద రెండు వేళ్ల సందు

వాలీబాల్ ఆడే ఆడపిల్లలే అందరికన్నా ఎక్కువ ఎగురుతారని హిందూపురం కాలేజీలో గట్టి నమ్మకం. ఖోఖో వాళ్లంటే చులకన. ఆటంతా గొంతుక్కూర్చునేవాళ్లకు ఎగరడం యాడొస్తుందంట! వాళ్ల మొహం. కూర్చున్న చోటి నుంచి ఒక్క దెబ్బన లేచి ఉరికే తొడల్లో ఎంత సత్తువ ఉంటుందో ఆడినోళ్లకే తెలుసు. ఖోఖో ఆడే బత్తలపల్లి గంగాదేవికి బాగా తెలుసు.

తొంభై ఏడులో అది తేల్చుకునే రోజొచ్చింది. పెనుకొండ గ్రౌండులో అన్ని ఆటల పిల్లల్నీ ఎగిరించి, అందర్నీ మించిన ఒక్కదాన్ని యూనివర్సిటీ హైజంప్ క్యాంపుకు పంపుతానన్నాడు పీడీ రామకృష్ణ సారు. ఆ సర్టిఫికెట్టుంటే వ్యాయామ టీచరు ట్రైనింగులో స్పోర్ట్స్ కోటా సీటు. గంగాదేవికి డిగ్రీ ఆఖరు సంవత్సరం. ఇది తప్పితే మళ్లీ నాయన తిరుపాల్ వెంట చెనిక్కాయ చేలల్లో కూలికే.

హాస్టల్లో ఆమె గదిలో ఉండేది భవ్య. ధర్మవరం చీరల అంగడోళ్ల బిడ్డ, వాలీబాల్ ఆడేది. పొద్దున్నే గంగాదేవికి జడ వేసేది. ఆ చేతి మీది మమకారంతో గంగాదేవి రెండు నెలలు మిద్దె మీద ఆమెకు గొంతుక్కూర్చుని ఎగరడం నేర్పించింది. "నీ గుట్టంతా చెప్పేస్తాండావు, పిచ్చిదానా" అని కబడ్డీ మేరీ తిడితే, "పోమ్మే, అది నా చెల్లెలు లెక్క" అనేసింది.

పెనుకొండలో సారు పద్ధతి సులువే. వేళ్లకు చాక్‌పీసు పొడి పూసుకుని, గోడ పక్కన నిలబడి చెయ్యి చాచితే అందినకాడ ఒక గీత. ఎగిరి కొట్టినకాడ ఇంకో గీత. రెంటికీ నడుమ ఎన్ని అంగుళాలుంటే అంత ఎగిరినట్టు. పై గీత సారు చూస్తాడు. కింది గీత మాత్రం జోడీలో ఒకరికొకరు గీసుకోవాల.

గంగాదేవికి గీసింది భవ్యే. "సాగవే, ఇంకొంచెం సాగు, నా బంగారు" అంటూ చంక కింద చెయ్యి పెట్టి ఎత్తింది. గంగాదేవి నవ్వుకుంటా సాగింది. తర్వాత భవ్యకు గంగాదేవి ఉన్నది ఉన్నట్టు గీసింది.

భవ్య పద్దెనిమిది అంగుళాలు. గంగాదేవి పదిహేడు. సారు లిస్టులో భవ్య పేరు రాసుకుని సంతకం పెట్టేశాడు.

పదిహేడా? మిద్దె మీద పద్దెనిమిదికి ఏనాడూ తగ్గింది లేదే! అందరూ టీకి పోయినాక గంగాదేవి గోడ దగ్గరికొచ్చింది. మడమలు నేలకానించి చెయ్యి చాచింది. తన గీతకు రెండు వేళ్ల కిందే ఆగిపోయింది. మునివేళ్ల మీద లేస్తే సరిగ్గా అందింది. అంటే ఒకటిన్నర అంగుళం కోత. నిజానికి తానెగిరింది పద్దెనిమిదిన్నర. అయ్యో దేవుడా! చంక కింద పెట్టిన చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది. ఏరు దాటినాక తెప్ప తగలేసేవాళ్లుంటారని విన్నది గానీ, ఆ తెప్ప తానే అవుతాననుకోలేదు.

సారు దగ్గరికి ఉరికి గీత సంగతి చెప్పింది. "నీ ముందరే గీసింది కదమ్మా. అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నాడాయన, లిస్టు మడిచి జేబులో పెట్టుకుంటా.

పెనుకొండ స్టేషన్‌లో భవ్య చెనిక్కాయల పొట్లం చాపింది. "తినే, పొద్దున్నుంచీ ఏం తినలేదు."

"నా మడమలు ఎందుకు లేపినావు?" అనింది గంగాదేవి.

భవ్య పొట్లం వైపే చూసింది. ఒక కాయ ఒలిచింది గానీ నోట్లో వేసుకోలేదు. "ఆట చాలు, ఇంక ఇంటికి రమ్మంటాండారు మావాళ్లు. ఈ ఒక్క క్యాంపూ దొరికితే ఇంకో ఏడాది ఆగుతారు." మళ్లీ మెల్లగా అనింది. "అయినా నేను ఎత్తితే నువ్వెందుకు లేచినావే?"

నమ్మినాను కాబట్టి లేచినాననే మాట గంగాదేవి నోటిదాకా వచ్చింది. చెప్పి ఏం లాభమని మింగేసింది.

రైలొచ్చింది. ఎప్పటిలాగే భవ్య ముందు ఎక్కి, పక్క సీటులో రుమాలు పరిచి, "రావే గంగా, ఈడ కూర్చో" అని పిలిచింది. గంగాదేవి తలుపు దగ్గర నుంచి కదల్లేదు. హిందూపురం దాకా నిలబడే పోయింది, రెండు మడమలూ నేలకు గట్టిగా ఆనించి.