ఆఖరి పేరా

"ఇంకా చాలా ఉందా?"

ఈ ఒక్క మాటతో హిల్డా ప్రౌస్ ఎంతమంది విలేకరుల పొగరు దించిందో లెక్కలేదు. లండన్లో ఆమె పనిచేసే వార్తా సంస్థలో టెలిఫోన్ గది అంటే ఆరుగురు ఆడవాళ్ళు, ఆరు టైపు మిషన్లు. విలేకరులు ఊళ్ళ నుంచి ఫోన్ చేసి కామాలు, ఫుల్‌స్టాపులతో సహా వార్త చదువుతారు, వీళ్ళు విని టైపు కొడతారు. చదివేవాడు తన వాక్యానికి తనే మురిసిపోయి గొంతు పెంచాడా, ఇటునుంచి ఆ ప్రశ్న చప్పగా వెళ్ళి తగులుతుంది. అది ఆ గది ఆనవాయితీ. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డ రోజుల్లో కూడా ఎవరూ దాన్ని మానలేదు.

ఆర్థర్ గ్రిమ్‌షా మొదటిసారి ఫోన్ చేసినప్పుడు హిల్డా అతని మీద కూడా అదే ప్రయోగించింది. మిగతావాళ్ళయితే మూతి ముడుచుకునేవారు. ఇతను నవ్వాడు.

"ఉందండీ. మీ వేళ్ళు నొప్పి పుడుతుంటే చెప్పండి, రెండు విమానాలు తగ్గిస్తాను."

హిల్డాకి అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. లండన్లోనే క్యాంబర్‌వెల్ పేటలో ఒక అద్దెగది, గ్యాసుపొయ్యి మీద ఒంటి మనిషి వంట. పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళు కూడా అడగడం మానేశారు. ఆ నవ్వు మాత్రం సాయంత్రం ట్రాము దిగేదాకా ఆమె చెవిలోనే ఉంది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని తనని తనే తిట్టుకుంది.

గ్రిమ్‌షా విమానాల ఫ్యాక్టరీల వార్తలు రాసేవాడు. ప్రతి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడుంబావుకి ఉత్తరాది నుంచి ఫోన్ చేసేవాడు. ఏ ఊరో చెప్పకూడదు, ఎన్ని విమానాలో చెప్పకూడదు, ఆఖరికి నిన్న వాన పడిందని కూడా చెప్పకూడదు. యుద్ధం కదా, శత్రువుకి పనికొచ్చేదేదీ వార్తలోకి రాకూడదు. అందుకని ప్రతి వార్తా "ఉత్తరాదిన ఒకానొక ఊళ్ళో" అని మొదలై, "పోయిన నెలకంటే ఎక్కువ" అంటూ సాగేది. చిత్రమల్లా ఆఖరి పేరాలోనే ఉండేది.

వార్తని ఎప్పుడూ కిందినుంచే కోస్తారు. ముఖ్యమైనది పైన ఉంటుంది, కానిది కింద. పత్రికలకి కాగితం కరువు, కాబట్టి పెద్ద సబ్ఎడిటర్ పెంబర్టన్ గారి కత్తెరకి ముందు బలయ్యేది ఆఖరి పేరాయే. ఇరవయ్యేళ్ళుగా ఇదే పనిలో ఉన్న గ్రిమ్‌షాకి ఆ సంగతి తెలీకుండా ఉంటుందా? అయినా ప్రతి వార్తకీ చివర ఒక పేరా తగిలించేవాడు. రెక్కలకి రేకులు బిగించే ఒకావిడ టీ తాగే పది నిమిషాల్లో ఒడినిండా బఠాణీలు ఒలుస్తుందని ఒకసారి. యుద్ధం కొత్తల్లో జామ్ కాచుకునే అల్యూమినియం గిన్నెని విమానాల కోసం ఇచ్చేసిన ముసలమ్మ, పైన మోత వినపడ్డప్పుడల్లా వాకిట్లోకి వచ్చి "నా గిన్నె అందులో ఉందేమో" అని చూస్తుందని ఇంకోసారి. అద్దెగదిలో ఒక్కడే ఉండే ఒకాయన ఆదివారం పూట ఎందుకో రెండు కప్పులు కడిగి పెట్టుకుంటాడని మరోసారి.

పెంబర్టన్ గారు చదవకుండానే కోసేవారు. "ఈ గ్రిమ్‌షాకి ఎప్పటికి బుద్ధొస్తుందో" అని గొణుక్కునేవారు.

పక్కబల్ల ఆలివ్ అయిదుగురు పిల్లల తల్లి, ఇలాంటివి ఇట్టే పసిగడుతుంది. "ఏమే మొద్దూ, ఆ పేరాలు జనం కోసం కాదే" అంది ఒకరోజు. "అవి పేపర్లో రావని అతనికి తెలుసు. అవి చేరేది ఒక్కదానికే. అది నువ్వే."

"నోర్మూసుకుని పని చూసుకో" అంది హిల్డా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఎందుకంటే చించెయ్యాల్సిన ఆ పేరాల కార్బన్ నకళ్ళని ఆమె ఏడాదిగా ఇంటికి మోసుకుపోయి ఖాళీ బిస్కెట్ డబ్బాలో దాస్తోంది.

అక్టోబరులో ఒక శుక్రవారం గ్రిమ్‌షా వార్తంతా చదివి ఒక్క క్షణం ఆగాడు.

"ఆఖరి పేరా. ఉత్తరాది విలేకరి ఒకడు వచ్చే శుక్రవారం సాయంత్రం లండన్ వస్తున్నాడు, కామా, ఒక్క పూట కోసమే. ఫుల్‌స్టాప్. ఒక టైపిస్టుతో కూర్చుని టీ తాగాలని అతనికి చాలాకాలంగా ఉంది. ఫుల్‌స్టాప్. ఆమెకి అభ్యంతరం లేకపోతే ఎక్కడన్నది మంగళవారం ఆఖరి పేరాలో చెప్తాడు. ఫుల్‌స్టాప్. అంతేనండి."

సూపర్‌వైజరు వెనకే తిరుగుతోంది. ఆ లైన్ల మీద సొంత మాటలు నిషేధం, ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు. నాకేం అభ్యంతరం, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా అని అనాలని ఉంది హిల్డాకి. "అందిందండి" అని మాత్రం అంది. ఆ పేరాని ఆమే స్కేలు పెట్టి చింపి కోటు జేబులో వేసుకుంది. పెంబర్టన్ గారి కత్తెరకి ఆరోజు పని తగ్గింది.

ఆ మూడురోజులూ ఆమె కాలు నిలవలేదు. ఆకుపచ్చ టోపీకి కొత్త రిబ్బను కుట్టింది. రేషన్ పంచదార ఒక చెంచా కూడా వాడకుండా దాచింది, ఎందుకో ఆమెకే తెలీదు.

మంగళవారం ఇటలీ యుద్ధరంగం నుంచి వార్తలు విరుచుకుపడ్డాయి. ఆరు లైన్లూ మోగుతూనే ఉన్నాయి. సరిగ్గా మూడుంబావుకి గ్రిమ్‌షా ఫోన్ చేశాడు. పెంబర్టన్ గారు వచ్చి హిల్డా భుజం దగ్గరే నిలబడ్డారు. గ్రిమ్‌షా ఫ్యాక్టరీ సంగతులు పూర్తి చేశాడు, ఆగాడు, గొంతు సవరించుకున్నాడు, కాగితం తిప్పిన చప్పుడయింది.

"త్వరగా కానివ్వమ్మా, ఇటలీ వార్త లైన్లో కాచుకుని ఉంది" అంటూ పెంబర్టన్ గారు బల్ల మీద పెన్సిలుతో కొట్టారు.

పదిహేనేళ్ళ అలవాటు. ఆమె అనాలనుకోలేదు, నోరే అనేసింది.

"ఇంకా చాలా ఉందా?"

ఈసారి అతను నవ్వలేదు.

"లేదండి" అన్నాడు నెమ్మదిగా. "ఇంకేం లేదు. అంతే."

ఫోన్ పెట్టేశాడు. హిల్డా తిరిగి ఫోన్ చేద్దామంటే ఆ గదికి ఫోన్లు రావడమే గాని పోవడం లేదు. చేసినా ఎక్కడికని చేస్తుంది? అతను ఏ ఊళ్ళో ఉన్నాడో ఆమెకీ చెప్పకూడదాయె. ఆరోజు అతని వార్తకి కోయడానికి ఏమీ లేదని పెంబర్టన్ గారు సంతోషించారు.

"మళ్ళీ శుక్రవారం మూడుంబావుకి చెప్పొచ్చులే" అంది ఆలివ్. శుక్రవారం మూడుంబావుకి ఫోన్ రాలేదు. అప్పటికి అతను రైల్లో ఉంటాడు కదా.

అయిదున్నరకి హిల్డా టోపీ పెట్టుకుని యూస్టన్ స్టేషనుకి వెళ్ళింది. ఉత్తరాది రైళ్ళు వచ్చేది అక్కడికే. తీరా వెళ్ళాక గాని ఆమెకి తట్టలేదు, అతని ముఖం ఆమె ఎన్నడూ చూడలేదని. పొడుగో పొట్టో తెలీదు, జుట్టుందో లేదో తెలీదు. తెలిసింది గొంతొక్కటే. గేటు పక్కన నిలబడి చెవులప్పగించింది. సిపాయిలు, నావికులు, మూటలతో పిల్లల తల్లులు, గుంపులు గుంపులుగా దిగి వెళ్ళిపోతున్నారు. "కాస్త దారివ్వండమ్మా" అన్నాడొకాయన, అచ్చం అతనిలాగే ఉత్తరాది యాసలో సాగదీస్తూ. తిరిగి చూస్తే అరవై దాటిన ముసలాయన, చేతిలో కోడిపెట్ట ఉన్న బుట్ట. ఆరోజు అక్కడ దిగినవాళ్ళలో సగం మంది గ్రిమ్‌షాలాగే మాట్లాడారు. మూడు రైళ్ళు చూసి ఆమె ఇంటికి వెళ్ళింది. దాచిన పంచదారంతా ఒకే కప్పు టీలో వేసుకుంటే తాగలేకపోయింది.

మంగళవారం ఫోన్లో ఎవరో కొత్తాయన. "గ్రిమ్‌షా గారా? ఇటలీకి ఎవరైనా వెళ్తారా అని అడిగితే ముందు చెయ్యెత్తారండి. మొన్న ఆదివారమే ఓడెక్కారు." అతను వార్త చదివాడు. చివర ఆగితే హిల్డా ఓపిగ్గా కాచుకుంది. "ఇంకేమైనా ఉంటే చెప్పండి, నాకేం తొందర లేదు" అంది. ఆలివ్ టైపు కొట్టడం ఆపి ఆమె వంక చూసింది.

నవంబరు చివర్లో గ్రిమ్‌షా పేరుతో ఇటలీ నుంచి తొలి టెలిగ్రాం వార్త వచ్చింది. శుభ్రంగా టైపు కొట్టమని హిల్డాకే ఇచ్చారు. ఉత్తరాదిన అతను చూస్తూండగా తయారైన విమానాలే ఇక్కడ బురద మైదానంలో దిగుతున్నాయట. బాగా రాశాడు. ఆమె తొందరతొందరగా చివరికి వెళ్ళింది. ఆఖరి పేరా లేదు. ఉన్నవన్నీ పేపర్లో రాదగ్గ సంగతులే, ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

హిల్డా వార్తని టైపు కొట్టింది. అంతా అయ్యాక కాగితం ఇంకో రెండు గీతలు పైకి తిప్పి, పదిహేనేళ్ళలో మొదటిసారి ఎవరూ చెప్పని మాటలు కొట్టింది.

"లండన్లో ఒక టైపిస్టు అక్టోబరులో ఒక శుక్రవారం యూస్టన్ స్టేషన్లో మూడు రైళ్ళ వరకు నిలబడింది. ఆమెకి ఏ అభ్యంతరమూ లేదు. ఆరోజు అడిగింది నోటి అలవాటు కొద్దీ. ఆమెకి చెప్పుకోవలసింది చాలా ఉంది."

పెంబర్టన్ గారు కాగితం అందుకుని పైనుంచి కిందికి కళ్ళు పరిగెత్తించారు. కత్తెర తీశారు.

"ఇటలీ వెళ్ళినా ఈ గ్రిమ్‌షాకి బుద్ధి రాలేదు" అన్నారు, ఆఖరి పేరా కోస్తూ.

"రాలేదండి" అంది హిల్డా. ముక్క నేలమీద పడింది. ఆయన అటు తిరిగేదాకా ఆగి, వంగి తీసుకుని జేబులో పెట్టుకుంది.