స్వామి కింది పక్క

మా పూజలో ఉన్న సాలగ్రామాన్ని మా ముత్తాత గండకీ నది దాకా వెళ్ళి తెచ్చుకున్నాడు. నల్లగా, అరచేతిలో ఇమిడేటంత ఉంటుంది. పైన చుట్టలు చుట్టుకున్న చక్రం. మాది శ్రీకూర్మం పక్క ఊరు. కూర్మనాథుణ్ణి కొలిచేవాళ్ళం కనుక దేవుడు డిప్పలో ఉండటం మాకు వింతగా తోచదు.

నా భార్య బాలసరస్వతి తమ్ముడు గణపతిరావుకు మాత్రం అది అమ్మోనైట్. అతను శ్రీకాకుళంలో భూగర్భశాస్త్రం లెక్చరరు.

"ఆ చుట్టలో ఒక జీవి కాపురం ఉండేది బావా. మన జాలర్ల వలలో సిరా కక్కుతూ పడతాయే, వాటికి దూరపు చుట్టం. గండకి ఉన్నచోట అప్పట్లో సముద్రం ఉండేది."

"పాలసముద్రమేమో! నువ్వెళ్ళి చూశావేట్రా?" అంది మా అమ్మ కూర్మమ్మ.

అరవై ఎనిమిది చలికాలంలో అతను ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. నూతి దగ్గర స్నానం చేసి, తడిపంచెతో పూజగదిలో కూర్చుని, చుట్ట ఎత్తు, నడిమి గుంట వెడల్పు, చుట్టల మీది గట్ల మధ్య దూరం కొలిచేవాడు.

"స్వామికి చొక్కా కుట్టిస్తావేట్రా?"

"పేరు పెడతాను అత్తయ్యా."

"ఉన్న వెయ్యి పేర్లూ చాలవేటి?"

అతని ఉత్సాహమంతా ఒక్క విషయం మీదే ఉండేది. ఈ రకం వాటికి గట్లు పొలంగట్లలా నడిమి గుంట దాకా సాగుతాయట. మా స్వామికి సగంలో ఆగిపోయి, లోపలంతా నున్నగా ఉంది. అలాంటిదాన్ని ఇంతవరకూ ఎవరూ వర్ణించలేదు. కొత్త జాతి అని ప్రకటిస్తే, ఎవరైనా వచ్చి సరిచూసుకోవడానికి ఆ రాయిని కలకత్తా మ్యూజియంలో ఉంచాలన్నాడు.

నేను చాలా ఆలోచించాను. స్వామి గురించి ఒక నిజం తెలుస్తుంటే దాన్ని మందసంలో దాచడం భక్తేనా? "నిజంగా కొత్తదైతే తీసుకెళ్ళు" అన్నాను. అమ్మ నాతో మాట మానేసింది.

ఫొటో తీయడానికి వచ్చిన రోజున అతను పెందరాళే వచ్చాడు. నా అభిషేకం ఇంకా పూర్తికాలేదు. నీళ్ళు పోసి, గుడ్డతో స్వామిని తుడుస్తున్నాను. స్నానం చేసి కెమెరాతో లోపలికొచ్చిన గణపతిరావు అలాగే నిలబడిపోయాడు.

"బావా, మళ్ళీ తుడువు."

తుడిచాను. గుడ్డలోంచి నా బొటనవేలు ఒత్తుకుంటూ చక్రం చుట్టూ తిరిగింది.

"మావయ్యగారు కూడా ఇలాగే తుడిచేవారా?"

"ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన మా తాత దగ్గర."

అతను కెమెరా కింద పెట్టాడు. "ఒక్కసారి స్వామిని తిరగేస్తావా?"

మా ఇంట్లో స్వామిని ఎవరూ ఎన్నడూ బోర్లించలేదు. చక్రం ఎప్పుడూ పైకే. అలాంటి ఇంట్లోనే పెరిగినవాడు కనుక, ఇన్ని ఆదివారాలూ గణపతిరావు కింది పక్క చూపించమని అడగనే లేదు. గుమ్మంలోంచి అమ్మ, "బోర్లించావంటే చూడు!" అంది. నాతో కాదు, గోడతో.

చివరికి నేను స్వామిని అంచుల దగ్గర వేళ్ళతో పట్టుకుని పైకెత్తాను. గణపతిరావు తడిపంచెతో నా కాళ్ళ దగ్గర వెల్లకిలా పడుకుని, కిందినుంచి టార్చి వేసి చూశాడు. 

"గట్లు నడిమి దాకా ఉన్నాయి బావా. నేను ఇన్నాళ్ళూ వర్ణించింది మీ వంశం బొటనవేళ్ళని."

స్వామి ఇల్లు కదలడని నా గుండె తేలికైంది. అతని ముఖం చూశాక ఆ తేలికకి సిగ్గేసింది.

లేచి కూర్చున్నవాడు, ఊరకే ఉండలేక కాబోలు, అరిగిన పక్కను భూతద్దంతో చూడసాగాడు. సన్నని గీతల్లో పాత చందనం ఇంకి, నలుపు మీద పసుపుపచ్చగా మెరుస్తోంది.

"ఇవి చందనం మరకలనుకున్నాను" అన్నాడు నెమ్మదిగా.

అవి కొత్తిమీర ఆకు అంచుల్లా ఉన్నాయి. ఆ జీవి పెరిగేకొద్దీ ముందుకు జరిగి, వెనకాల ఒక్కొక్క గోడ కట్టుకునేదట. ఆ గోడల అంచులే ఈ గీతలు. పైపొర పోతే తప్ప కనబడవు. కాలేజీలో ఆమ్లం వేసి తేల్చే పనిని మా బొటనవేళ్ళు చేశాయి. అతను ఆ గీతల బొమ్మ గీసుకుని వెళ్ళాడు.

మరుసటి ఆదివారం వచ్చి, "పుస్తకాలన్నీ వెతికాను బావా. దీని బంధువులకి ఈ గీతలోని మడత రెండుగా చీలుతాది. దీనికి మూడుగా చీలింది. కొత్తదే" అన్నాడు.

మాట ఇచ్చాను కదా. తులసిదళాల మధ్య స్వామిని చిన్న పెట్టెలో ఉంచి అతని ముందు పెట్టాను.

"రైల్లో నైవేద్యం ఎవరు పెడతార్రా తమ్ముడూ?" అంది బాలసరస్వతి.

గణపతిరావు పెట్టె తెరవలేదు. "మ్యూజియంలో ఉంచడం మంచి పద్ధతి, అంతే. తప్పనిసరి కాదు. రాయి ఎక్కడుందో రాసి, అడిగినవాళ్ళకి చూపిస్తే చాలు. చూపిస్తావా?"

"ఎవరొచ్చినా సరే. స్నానం చేసి రమ్మను."

"కానీ బావా, ఆ బొటనవేలు! ఇంకో తరం తుడిస్తే గీతలూ మిగలవు."

నాన్న నేర్పిన సేవలో తప్పుందా అని అతన్ని అడగాలనిపించింది. కానీ సరేనన్నాను.

మర్నాడు అభిషేకం చేసి, స్వామిని గుడ్డ మీద ఉంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ తొంగిచూసింది.

"తుడవ్వేట్రా?"

"ఒత్తకూడదటమ్మా. నీళ్ళు వాటంతట అవే ఆరాలి."

"బాగుందిరా నీ సేవ! ఈ చలికి జలుబు చేస్తాది స్వామికి."

విసనకర్ర తెచ్చుకుని నా పక్కన చతికిలబడి, మెల్లగా విసరడం మొదలుపెట్టింది.